గిన్నెలో దగ్గు

పొద్దుటి పనులు తెమిలాక మైకమ్మ పాత దుప్పటి నేలమీద పరిచి, కత్తెర పట్టుకుని కూర్చునేది. ఊళ్ళో రోగం మొదలైన దగ్గర్నుంచీ ఆమెకి ఇదే పని. షాపులో మాస్కులు ఎప్పుడో అయిపోయాయి. మిగిలిన కాసిని డబ్బున్నవాళ్ళ మొహాలకే చాలడం లేదు, ఇక మన మొహాలెవడు చూస్తాడు? జానెడు గుడ్డ, రెండు మడతలు, మధ్యలో పాత బనీను ముక్క, చెవులకి నాడాలు. ఇంట్లోవాళ్ళకే కాదు, కిటికీలోంచి ఎవరు పాత గుడ్డ అందించినా మిషను మీద కుట్టిపెట్టేది.

మైకమ్మ అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. ఆమె వయసంతా మిల్లులో మగ్గాల మధ్యే గడిచిపోయింది. ఆ మోతకి చెవులు సగం పోయాయి. తనకి వినపడదు కాబట్టి లోకానికీ వినపడదనుకుని అరిచి మాట్లాడుతుంది. మొగుడిదీ అదే మిల్లు. దూది దుమ్ము మింగి మింగి ఆయనిప్పుడు నాలుగడుగులు నడిస్తే గోడ పట్టుకుంటాడు. ఆమె దగ్గర చెవులు, ఆయన దగ్గర ఊపిరి, మిల్లు చెరొకటీ ఉంచేసుకుని ఇద్దర్నీ ఇంటికి పంపింది.

"ఎవరిది ఏదో గుర్తు పెడదాం అత్తయ్యా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి" అంది కోడలు ఒకసారి. మందుల షాపులో పనిచేస్తుంది ఆ అమ్మాయి.

"గుర్తులా? మిల్లు సమ్మెలో నెలలకి నెలలు ఒకే గిన్నెలో తిన్నాం. ఎవడో నీది నాది అన్నాడు, ఆ రోజే సమ్మె చచ్చింది. నా ఇంట్లో ఆ మాట వద్దు."

దాంతో అన్నీ ఒకే దండెం మీద ఆరేవి. చేతికందింది కట్టుకుపోవడమే.

సాయంత్రం వాటన్నిటినీ మరిగే నీళ్ళలో వేసేవాళ్ళు. గుడ్డ వేడెక్కేసరికి, పగలంతా అందులో ఇరుక్కున్న మాటలు బుడగలతో పాటు పైకొచ్చేవి. "ముందుకి జరగండి, తలుపు దగ్గర గుమికూడకండి" అని బస్సు కండక్టరైన కొడుకు గొంతు. "ఆ మాత్ర అయిపోయిందండీ, రేపు రండి" అని కోడలి గొంతు. "ఈ కిటికీ రెక్క చేసినవాడి చేతులు పడిపోను" అని ముసలాయన. కోడలు వింటూ గరిటెతో తిప్పేది.

అందరి పొయ్యిల మీదా ఇదే తంతు. ఎదురింట్లో రంగులేసేవాడు పెళ్ళాం ముందు బుద్ధిగా తలూపి, మాస్కు చాటున తిట్టుకున్న తిట్లన్నీ సాయంత్రానికి ఆమె గిన్నెలోనే పొంగేవి. ఆ గొడవలు పడలేక చాలామంది చన్నీళ్ళలో జాడించడం మొదలుపెట్టారు. చన్నీళ్ళకి మాట బయటికి రాదు. రోగమూ పోదు.

"పరువు కోసం ప్రాణాలు తీసుకుంటార్రా!" అని మైకమ్మ కిటికీలోంచి అరిచింది. ఎవరూ మానలేదు. కొన్నాళ్ళకి ఎదురింటి ముందు ఆస్పత్రి తెల్లబండి ఆగింది. రంగులేసేవాణ్ణి మోసుకెళ్ళారు, ఆ వెనకే పెళ్ళాన్ని. ఆ తలుపు మళ్ళీ తెరుచుకోలేదు.

ఒక సాయంత్రం గిన్నె మరుగుతోంది. ఎప్పటి మాటలే. వాటి మధ్యలో ఉన్నట్టుండి ఒక దగ్గు.

కోడలు గరిటె పక్కన పెట్టేసింది. "అత్తయ్యా! ఏమండీ! ఇలా రండి."

మైకమ్మ ఆవిరి తగులుతున్నా లెక్కచెయ్యకుండా చెవి గిన్నెకి ఆనించినంత దగ్గరికి వంగింది. మళ్ళీ వచ్చింది. తడిగా, అడుగునుంచి తోడినట్టు.

"ఎవరిదర్రా ఇది?"

మాటకైతే గొంతుంటుంది. దగ్గుకేముంది?

"నాది కాదు" అన్నాడు కొడుకు. పెళ్ళాం వైపు చూశాడు. "నీ షాపుకొచ్చేదే రోగులు కదా."

"బస్సు నిండా జనాన్ని కుక్కుకుని తిరిగేది మీరు. నన్నంటారేం?"

"నా వైపు చూడకండ్రా" అన్నాడు ముసలాయన గుమ్మంలోంచి. "నాది పిల్లికూత. ఇన్నేళ్ళుగా వింటున్నారు, ఆ మాత్రం తెలీదూ?"

తెలుసు. అందుకే అందరికీ భయం. ఆ దగ్గు ఎవరిదైనా, అది ముసలాయన్ని తాకితే ఆయన ఒక్క పూట కూడా తట్టుకోలేడు. ఉన్నది రెండు గదులు. అందులోనే నలుగురూ తినాలి, పడుకోవాలి.

మర్నాడు పొద్దున్నే మైకమ్మ సూదీ దారాలూ తీసింది. కొడుకు మాస్కుకి నల్లదారం, కోడలిదానికి ఎర్రది, ముసలాయనదానికి పచ్చది. ఒక్కొక్కటీ ఇస్తూ "ఇది నీది" అంటుంటే, బూతుమాట అన్నట్టు ఆమె నోరు వంకర తిరిగింది. తనదానికేమీ కుట్టలేదు. మూడింటికి గుర్తులుంటే నాలుగోది తెలియదా?

సాయంత్రం విడివిడిగా మరగబెట్టారు. ముందు కొడుకుది. స్టాపుల పేర్లు, చిల్లర గొడవలు, "మా అమ్మతో చావొచ్చిపడింది" అని ఒక గొణుగుడు. దగ్గు లేదు. తర్వాత కోడలిది. "భయమేస్తోంది, భయమేస్తోంది" అని పొద్దుట్నుంచి అదే మాట, ఇంకేం లేదు. కొడుకు తలొంచుకుని ఆమె భుజం మీద చెయ్యేశాడు.

ముసలాయనదానిలోంచి పిల్లికూతలు వచ్చాయి. ఆ పైన సన్నగా, "దేవుడా, దానికంటే ముందు నన్ను తీసుకుపో" అన్న మాట.

"ఏమంటున్నాడే? వినపళ్ళేదు" అంది మైకమ్మ.

కోడలు మామగారి వైపు చూసింది. "కిటికీని తిడుతున్నారు అత్తయ్యా."

"ఆ కిటికీ జోలికి పోకుండా ఉండలేడు కదా!"

అందరూ నవ్వారు. ముగ్గురిదీ కాదు. నిన్నటిది వీధిలోంచి కొట్టుకొచ్చిన దగ్గేమోనని కొడుకు పొయ్యి ఆర్పబోయాడు.

"ఆగండి. అత్తయ్యది ఉండిపోయింది" అంది కోడలు.

"నాదెందుకే? గడప దాటనిదాన్ని" అంటూనే మైకమ్మ తన మాస్కు తీసి నీళ్ళలో పడేసింది.

ముందు కుట్టుమిషను చప్పుడు వచ్చింది, టకటకా, టకటకా. ఎవరో కిటికీ దగ్గర నిలబడి దగ్గుతూ దుప్పటిముక్క ఇచ్చినప్పుడు ఆమె "అక్కడ పెట్టు" అని అరిచిన అరుపు వచ్చింది. మళ్ళీ మిషను. ఆ మిషను మోత కింద దగ్గు. తడిగా, అడుగునుంచి తోడినట్టు. మిషను ఆగలేదు. దగ్గూ ఆగలేదు. దగ్గుతూనే తొక్కింది. ఆ మోతలో, ఆ సగం చెవులతో, తన దగ్గు తనకే చేరలేదు. అలసటకి ఛాతీ అదురుతోందనుకుంది.

"ఏంట్రా? ఏమొస్తోంది?" అని అందరి మొహాల్లోకీ చూసింది.

కోడలు తనకి తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది. మైకమ్మకి ఆ అడుగు చాలు.

"మంచిపని చేశావు" అంది. ఆ ఇంట్లో ఆమె మెల్లగా మాట్లాడగా వినడం అదే మొదలు. "ఇంకో రెండడుగులు వెయ్యి. ఒరేయ్, మీ నాన్నని అవతలి గదిలోకి తీసుకుపో. బండికి ఫోన్ చెయ్యి. నేను కుట్టినవి ఎవరెవరు పట్టుకెళ్ళారో వాళ్ళందరికీ కబురు పెట్టు. మరగబెట్టి కట్టుకోమను. వాళ్ళ మాటలు బయటపడితే పడనీ."

తెల్లబండి వచ్చింది. వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. ఆ బండివాళ్ళు స్ట్రెచర్ దింపబోతే మైకమ్మ వద్దని చెయ్యూపి మెట్లు దిగింది.

"నడిచొస్తున్నావా అమ్మా?" అన్నాడు డ్రైవరు, నిలువెల్లా కప్పుకున్న బట్టలోంచి. "ఈ నెలలో నడిచొచ్చి ఎక్కింది నువ్వే. ఇంత ముందుగా వస్తే మాకూ ఏదో ఒకటి చెయ్యడానికుంటుంది."

ముసలాయన గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చేశాడు. కొడుకు ఆపుతున్నా ఆగడం లేదు. "ఏమే, నేనూ వస్తా. డాక్టరు చెప్పేది నీకెవరు చెబుతారే?"

"గట్టిగా అరిచి చెప్పమంటా. నువ్వు మాత్రం అక్కడే ఉండు!"

"ఒక్కసారి ఇటు చూడవే."

చూస్తే ఆయన గడప దాటేస్తాడు. మైకమ్మ బండి చువ్వ పట్టుకుని ఎక్కి, ఇంటివైపు వీపు పెట్టి కూర్చుని, తలుపు వెయ్యమని డ్రైవరుకి చేత్తో చూపించింది.