నువ్వు దొంగవి కాదు

“ముక్కులు తుడిచే ఉద్యోగం మానడానికి ఇంత ఆలోచనా? రేపట్నుంచి రానని ఒక్క మాట చెప్పి వచ్చెయ్” అన్నారు మా ఆయన. నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఆడపడుచు కొత్తగా ఉద్యోగంలో చేరుతోంది. ఆమె చంటిపాపను పగలంతా మా ఇంట్లో ఉంచాలని అందరూ కలిసి అనుకున్నారు. ఆ అందరిలో నేను లేను. “ఎలాగూ పిల్లల్ని ఆడించే పనేగా అమ్మాయ్, పరాయిపిల్లల బదులు మన పిల్లని ఆడించు” అన్నారు అత్తయ్య, ప్రేమగానే. ఆడపడుచుది ఉద్యోగం, నాది కాలక్షేపం. ఒళ్ళు మండిపోయింది, అయినా తలూపాను. ఈ ఇంట్లో నా తల అడ్డంగా ఊగడం ఎప్పుడో మర్చిపోయింది. టిఫిన్ డబ్బాలు సర్ది, పెద్ద మేడమ్‌తో ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంటూ బడికి వెళ్ళాను. ఆవిడతో మాట్లాడాలని ఆయాతో కబురు పెట్టాను.

మా గదిలో ఉండేది నాలుగేళ్ళు దాటిన పిల్లలు. ఇక్కడ మాకో పద్ధతి ఉంది. పిల్లలు తమంతట తాము తేల్చుకోగలిగిన దానికి మేం జవాబు చెప్పకూడదు. కొట్టుకుంటే తప్ప తగవు తీర్చకూడదు. పక్కనే కూర్చోవాలి, అంతే. చూసేవాళ్ళకు జీతం తీసుకుని కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగడం ఎంత కష్టమో మింగినవాళ్ళకే తెలుసు.

ఆ పొద్దున నీళ్ళబల్ల దగ్గర ఇద్దరు ఆడపిల్లలకు ఒకే కప్పుతో కొలిచి రంగునీళ్ళు పోశాను. ఒకరికి సన్నటి పొడుగు గ్లాసు, ఒకరికి వెడల్పు గ్లాసు. వెడల్పు గ్లాసు వచ్చినదానికి అలగడం ఎక్కువ, బుంగమూతి అని పిలుస్తాం. రెండోది నోట్లోంచి మాట రాని గువ్వపిట్ట.

“దానికి ఎక్కువున్నాయి. అది దొంగ. నా నీళ్ళు తీసేసుకుంది” అంది బుంగమూతి, గదంతా వినిపించేలా. ఆడుకుంటున్న పిల్లలందరూ తిరిగి చూశారు. గువ్వపిట్ట కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రెండూ సమానమే, సారీ చెప్పు అనేస్తే చిటికెలో అయిపోయేది. నేను మాత్రం “ఎక్కువున్నాయని ఎలా తెలిసింది?” అని అడిగి, అలాంటి వెడల్పు గ్లాసే ఇంకోటి ఖాళీది బల్లమీద పెట్టాను.

బుంగమూతి చాలాసేపు ఆ ఖాళీ గ్లాసు వంక చూసింది. “నీ నీళ్ళు ఒకసారి ఇవ్వవా? మళ్ళీ ఇచ్చేస్తా” అని గువ్వపిట్టను అడిగింది. దొంగ అన్నదాన్నే బతిమాలుతోంది. గువ్వపిట్ట ఆలోచించి, గ్లాసు ముందుకు జరిపింది. ఖాళీ గ్లాసులో పోసేసరికి నీళ్ళు తన నీళ్ళ పక్కన సరిగ్గా అంతే వచ్చాయి. మళ్ళీ పొడుగు గ్లాసులో పోసింది, పైకి లేచాయి. మళ్ళీ ఇందులోకి. మళ్ళీ అందులోకి. బల్ల తడిసింది, గౌను తడిసింది. ముడుచుకున్న మూతి మెల్లగా విడింది.

“దాంట్లో నీళ్ళు నించున్నాయి” అంది నాతో, రహస్యం చెబుతున్నట్టు. “నా దాంట్లో కూర్చున్నాయి. అంతే.”

ఎవరూ చెప్పకుండా, ఒక బుర్రలోకి ఒక నిజం వచ్చి కూర్చోవడం నా కళ్ళముందు జరిగింది. అంతటితో ఆగినా ఆ రోజుకి చాలనుకునేదాన్ని.

బుంగమూతి గువ్వపిట్ట నీళ్ళు గువ్వపిట్టకు ఇచ్చి, “నువ్వు దొంగవి కాదు. నేనే తప్పుగా చూశా” అంది. తరవాత బొమ్మల దగ్గరున్నవాళ్ళ దగ్గరికి నడిచింది. రంగులేసుకుంటున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. కిటికీ దగ్గర ఒంటరిగా ఉన్నవాడి దగ్గరికి కూడా వెళ్ళింది. ఒక్కొక్కరి ముందూ ఆగి, “అది దొంగ కాదు” అని చెప్పింది. అందరి ముందూ అన్న మాటను అందరి దగ్గరా వెనక్కి తీసుకోవాలని దానికి ఎవరు నేర్పారు? నేనైతే నేర్పలేదు. చేతులు జోడించాలనిపించింది, నిజంగా.

ఒకసారి చుట్టాలందరి ముందూ “బీరువా తాళం పోగొట్టింది, దీనికి బుర్ర ఎక్కడుంటుందో” అన్నారు మా ఆయన. అది ఆయన జేబులోనే దొరికింది. “సరే, దొరికిందిగా, టీ పెట్టు” అన్నారు. టీ పెట్టాను. చుట్టాలకు నేను ఈనాటికీ తాళం పోగొట్టినదాన్నే.

మధ్యాహ్నం పెద్ద మేడమ్ గుమ్మంలో ఆగి, “ఏదో మాట్లాడాలన్నావట?” అన్నారు.

“ఏం లేదు మేడమ్” అన్నాను, బల్ల తుడుస్తూ.

సాయంత్రం మా ఆయన బూట్లు విప్పుకుంటూ, “చెప్పేశావా?” అన్నారు.

“లేదండీ.”

“మర్చిపోయావా?”

తప్పించుకోవడానికి ఆయనే దారి చూపించారు. ఎప్పటిలా అయితే అటే వెళ్ళేదాన్ని. “మర్చిపోలేదు. మానను. ఆ పని నాకు కావాలి” అన్నాను. ఈసారి మాట పూర్తయింది.

ఆయన వాళ్ళమ్మ వంక చూశారు. ఆవిడ ఆయన వంక చూశారు.

“మరి పాపని ఎవరు చూసుకుంటారు?” అన్నారు అత్తయ్య.

ఇన్నేళ్ళ కాపురంలో ‘ఎవరు’ అన్న ప్రశ్న ఈ ఇంట్లో ఎవరైనా పైకి అడగగా వినడం నాకు అదే మొదటిసారి.