కాలవ చెప్పని రంగు

రంగులమ్మకి పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య దూరం ఒక కాలవంత. ఎగువన అత్తవారి అద్దకం షెడ్డు, వీధి వంపు తిరిగాక దిగువన పుట్టిల్లు. షెడ్డులో నూలుకి రంగు వేశాక మిగిలిన నీళ్లు ఆ కాలవలో పడి, ఆ పుట్టింటి పెరడు ఒరుసుకుంటూ పోయేవి. "మా సంబంధం మనుషులు కుదర్చలేదమ్మా, కాలవే కుదిర్చింది" అని ఆవిడ దొరికినవాళ్లందరికీ చెప్పేది. వినేవాళ్లు దొరికితే మరీ వివరంగా చెప్పేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అందులో అబద్ధం లేదు. ఆవిడ పరికిణీ కట్టుకునే రోజుల్లో పెరటి గట్టు మీద కూర్చుని గిన్నెలు తోముతుంటే కాలవలో రంగులు వచ్చేవి. ఎర్రనీళ్లు వస్తే షెడ్డులో పెద్దాయన పనిలో ఉన్నట్టు. ఎరుపు ఆయన ఇంకొకళ్ల చేతికి ఇచ్చేవాడు కాదు. నీలం వస్తే కొడుకు. నీలం వచ్చిన రోజున ఈ పిల్ల తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. ఎందుకే అంటే, జిడ్డు వదల్లేదు అనేది.

పెళ్లయ్యాక గానీ ఆయన అసలు సంగతి బయటపెట్టలేదు. "నువ్వు గట్టు మీద ఉంటావని చెంబెడు నీలం ఊరికే పారబోసేవాణ్ణి. మా నాన్న చూసుంటే నా వీపు చిట్లేది" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ముడతలు పడ్డ మొహంలో ఇప్పటికీ సిగ్గు కనిపిస్తుంది.

ఆయన పోయి ఏళ్లయింది. ఇప్పుడు ఆవిడ కొడుకు నూలు తేవడానికీ, రంగు వేసింది ఇచ్చి రావడానికీ తిరుగుతూ ఉంటాడు. షెడ్డు నడిపేదంతా కోడలే. పుట్టింట్లో తమ్ముడున్నాడు. వీధంతా తోటాయన అంటారు. గట్టు పక్కనున్న కాస్త నేలలోనే చిక్కుళ్లూ వంకాయలూ ఆకుకూరలూ పెంచి, వాటి మీదే బతుకుతున్నాడు.

ఒకరోజు తోటాయన చెప్పులు విప్పకుండా షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. ఆ నిలబడ్డంలోనే ఆవిడకి సంగతి అర్థమైంది.

"అక్కా, నా చిక్కుడు పాదుకి నీ గులాబీ పోస్తున్నావు."

"కాయలు గులాబీగా కాస్తే ఎగబడి కొంటార్రా."

"కాస్తేగా! వేళ్లు కుళ్లిపోతున్నాయి. వానలకి కాలవ పొంగి మళ్లలోకొస్తోంది. ఇంక నా వల్ల కాదు. వచ్చే నెల ఇటుకలు పేర్చి కాలవ మూసేస్తున్నా."

"మూసెయ్! మీ బావ పోసిన రంగునీళ్లలో కాగితం పడవలు వదిలినవాడివి. ఇవాళ అవే నీకు విషమయ్యాయా?"

"అప్పుడు పడవలేశాను. ఇప్పుడు వంకాయలేశాను" అని ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

కాలవ మూస్తే నీళ్లు ఎదురుతన్ని షెడ్డులోకే వస్తాయి. అంటే పొయ్యి ఆర్పుకోవాలి, తొట్లు బోర్లించుకోవాలి. అవి భర్త చేతులు నానిన తొట్లు. ఆ పూట రంగులమ్మకి ముద్ద దిగలేదు. కోపం తమ్ముడి మీదో, వాడు చెప్పింది నిజమైనందుకో, ఆవిడకే తెలియలేదు.

కోడలు మాత్రం ఊరుకోలేదు. రంగుపొళ్లు కొనే కొట్టు వాళ్లు, పారబోసే నీళ్లని తేటపరిచే పద్ధతి ఒకటి అంతకుముందు చూపించారు. పనికిరాదని పారేసే వాటితోనే అదంతా. దాన్ని గుర్తు తెచ్చుకుంది. బియ్యం మిల్లు వెనక గుట్టగా పోసిన ఊక తెచ్చింది. వడ్రంగి దగ్గర రంపపు పొట్టు తెచ్చింది. ఇంటి ముందు గోనె సంచులు దిగుతుంటే రంగులమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"ఇదేంటే, గేదెల్ని కొన్నావా?"

"కాదత్తయ్యా. మాడ్చిన ఊక రంగుని పట్టేసుకుంటుంది. రంపపు పొట్టు కూడా."

"నూలు పట్టుకోగా మిగిలింది ఊక పట్టుకుంటుందా? నూలుకి లేని తెలివి ఊకకొచ్చిందా?"

"మీ అబ్బాయికి లేని తెలివి నాకు రాలేదూ?"

ఆ మాటకి అత్త నవ్వాపుకోలేకపోయింది.

మొదటిసారి ఊకని బయట కుప్పపోసి తగలబెడితే తెల్లటి బూడిదైపోయింది. దాంతో కావలసిన పని కాలేదు. తర్వాత పాత రేకు డబ్బాలో కూరి, మూత పెట్టి, సన్నటి చిల్లి మాత్రం వదిలి కాల్చారు. అప్పుడు ఊక గింజ రూపం చెడకుండా నల్లగా మాడింది. దాన్ని కడిగారు, మళ్లీ కడిగారు, నల్లనీళ్లు రావడం మానేదాకా కడిగారు. పెద్ద డ్రమ్ములో అడుగున గులకరాళ్లు, ఆపైన ఇసుక, దాని మీద మాడిన ఊక, అన్నిటికన్నా పైన నానబెట్టి పిండిన రంపపు పొట్టు పరిచారు. కింద ఒక కుళాయి బిగించారు. రంగునీళ్లు పైన పోస్తే, ఒక్కో పొరా దిగుతూ రంగుని వదిలించుకుని కిందకి రావాలి.

"ఒక్కటే షరతు అత్తయ్యా. దీన్ని కదపకూడదు. నెమ్మదిగా దానంతటది దిగాలి."

"నాకెందుకే, నేను ముట్టుకోను" అంది రంగులమ్మ.

తోటాయన్ని పిలిచారు. వచ్చి కళ్లారా చూసి, నీళ్లు తేటగా వస్తే కాలవ మూయకూడదని మాట. రాక రాక అక్క గుమ్మం ఎక్కడానికి ఆయనా ఒప్పుకున్నాడు.

ఆ పొద్దున కోడలు డ్రమ్ములో గులాబీ నీళ్లు పోసి, తమ్ముడుగారికి కుర్చీ తేవడానికి లోపలికి వెళ్లింది. రంగులమ్మ డ్రమ్ము పక్కన నిలబడింది. గులాబీ నీళ్లు కదలకుండా ఉన్నాయి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆయన నేర్పిన మొదటి పాఠమే అది: రంగునీళ్లు ఊరికే నిలబడకూడదు, కలుపుతూనే ఉండాలి, లేకపోతే నూలు మచ్చలు పడుతుంది. ఒకసారి పొరుగావిడతో కబుర్లలో పడి కలపడం మరిచిపోతే, ఆ చారల నూలుతో ఆయన తనకోసమే చీర నేయించి, "ఇది కబుర్ల చీర" అని పేరు పెట్టాడు. అది చిరిగేదాకా కట్టింది. ఇవన్నీ తలుచుకుంటూ ఆవిడ చెయ్యి గోడకి ఆనించిన, ఆయన రంగు కలిపిన కర్రని అందుకుంది. కోడలు చెప్పింది చెవి విన్నది గానీ చెయ్యి వినలేదు. కర్రని లోపలికంటా దించి, హాయిగా గుండ్రంగా నాలుగైదుసార్లు కలిపేసి, కర్ర యథాస్థానంలో పెట్టేసింది.

తోటాయన వచ్చాడు. కోడలు కుళాయి తిప్పింది. చెంబులోకి బొగ్గుపొడి కలిసిన గులాబీ బురద దిగింది.

తోటాయన చెంబులోకి చూసి, కోడలి మొహం చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు.

"అమ్మాయ్, కష్టపడ్డావు. కాదనను. కానీ ఇటుకలకి చెప్పేశాను."

"ఊక సరిగా మాడలేదేమో బాబాయిగారూ" అంది కోడలు. "నేనే తొందరపడ్డాను."

రంగులమ్మ గోడకున్న కర్ర వైపు చూసింది. దాని మొన నుంచి నీటిచుక్కలు కారుతున్నాయి, నల్లటి ఊక అంటుకుని ఉంది. నోరు మూసుకుంటే సరిపోతుంది, ఎవరూ ఆవిడని ఏమీ అనరు. కానీ నేరం కోడలిదవుతుంది, షెడ్డు మూతపడుతుంది.

"దానిదేం లేదురా. నేను కలిపాను."

"ఏం కలిపావు?"

"కర్రతో. ఆ డ్రమ్మునే."

"అత్తయ్యా!" అని కోడలు నెత్తి పట్టుకుంది.

తోటాయన అక్కని కాసేపు అలాగే చూశాడు. ముందు పెదవి వణికింది. తర్వాత పొట్ట కదిలింది. ఆఖరికి కుర్చీలో కూలబడి పగలబడి నవ్వాడు.

"దీన్నీ కలిపావుటే! అమ్మాయ్, నీకు తెలీదు. చిన్నప్పుడు వానాకాలం కుళాయిలో బురదనీళ్లొచ్చేవి. తేరుకుంటాయని మా అమ్మ బానలో పోసుంచేది. ఈవిడ వచ్చి గరిటెట్టి గిరగిరా తిప్పి పోయేది! సాయంత్రం దాకా ఇంటిల్లిపాదికీ దాహం. అమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేది."

"నువ్వే తిప్పమనేవాడివి."

"నాకప్పటికి మాటలే రాలేదు!"

ఎన్నాళ్లయిందో ఆ ఇద్దరూ కలిసి నవ్వి. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని తోటాయన లేచాడు. గోడకున్న కర్ర తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"మళ్లీ పెట్టుకోండి. ఇటుకలవాణ్ణి ఆగమంటాను. ఈ కర్ర మాత్రం నా దగ్గరుంటుంది. ఇది ఇక్కడుంటే నీళ్లెప్పటికీ తేరవు."

"అది మీ బావదిరా!"

"అందుకే జాగ్రత్తగా ఉంచుతా."

కోడలు డ్రమ్మంతా విప్పి, కడిగి, మళ్లీ పేర్చింది. మర్నాటి పని నీలం. నీలం నీళ్లు పోసినప్పుడు రంగులమ్మ ఎదురుగా పీట వేసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వాటి మీద కొంగు కప్పుకుని కూర్చుంది. వేళ్లు కొంగు కింద వాటంతటవే తిరుగుతున్నాయి. కదిలితే ఒట్టు అన్నట్టు కూర్చుంది.

మధ్యాహ్నానికి కుళాయి నుంచి సన్నటి ధార వచ్చింది. కోడలు గాజుగ్లాసులో పట్టి వెలుతురులో ఎత్తి చూపించింది. గ్లాసులోంచి అవతలున్న తలుపు గొళ్లెం కనిపించింది.

కోడలు మురిసిపోయింది. రంగులమ్మ మాత్రం కాలవ దాకా వెళ్లి, తేటనీళ్లు వంపు తిరిగి పోవడం చూస్తూ నిలబడింది. ఇప్పుడు ఆ గట్టు మీద ఎవరు కూర్చున్నా, షెడ్డులో ఎవరున్నారో, ఏం చేస్తున్నారో తెలియదు. ఆయన ఇప్పటిదాకా ఏదో చెబుతూనే ఉండి, ఈ పూటే ఊరుకున్నట్టనిపించింది.

"రంగు పోయిందే" అంది నెమ్మదిగా.

కోడలు డ్రమ్ము పైపొరలోంచి గుప్పెడు రంపపు పొట్టు తీసి అత్త అరచేతిలో పెట్టింది. చిక్కటి నీలం. "పోలేదత్తయ్యా. ఇక్కడ ఆగింది."

ఆవిడ ఆ తడిపొట్టుని మూసిన గుప్పిట్లో పట్టుకుని గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

సాయంత్రానికి వంపు దగ్గర తోటాయన కనిపించాడు. ఒక చేతిలో వంకాయలు, ఇంకో చేతిలో బావ కర్ర. ఈసారి గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు.

"ఇవాళ ఏ రంగు వేశారే అక్కా? పొద్దుట్నించీ గట్టు మీదే కూర్చున్నా. కాలవ చూస్తే ఏమీ తెలిసి చావడం లేదు."

రంగులమ్మ పక్కకి జరిగి, మెట్టు మీద తమ్ముడికి చోటిచ్చింది.

"కూర్చోరా, చెబుతాను" అని గుప్పిలి విప్పింది.