మామీ మిద్దెతోట, మామ పుస్తకం

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. కిబ్రియా మామ, ఆయన తల్లి నానీ, ఆయన భార్య రౌషన్ మామీ, ఆయన మేనకోడలు మొమేనా, మిద్దెతోట చూడడానికి వచ్చిన తాహేరా ఆపా. ఈ ఐదుగురిలో తోట సంగతి నిజంగా తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరిని ఎవరూ ఏమీ అడగలేదు. రెండో మనిషిని అడిగారు. ఆ రెండో మనిషి మొమేనా.

ఢాకా మీర్పూర్‌లో ఆ ఐదంతస్తుల ఇంటికి పై అంతస్తు మామది. ఆరేళ్ళ కిందట, మామ ఉద్యోగం నుంచి దిగిపోయి పగలంతా ఇంట్లో ఉండడం మొదలుపెట్టిన ఎండాకాలంలో, "ఈ గదిలో కూచుంటే పెనం మీద రొట్టెలా కాలిపోతున్నాను" అని రోజూ విసుక్కునేవాడట. పక్క స్థలంలో పునాది తవ్విపోసిన మట్టిని మామీ బియ్యపు సంచుల్లో నింపి, ఐదంతస్తులూ మోసి, సగానికి కోసిన నీలం డ్రమ్ముల్లో పోసింది. "కూలిదానిలా మట్టి మోస్తుంటే చూసేవాళ్ళు నన్నేమనుకుంటారు?" అన్నాడు మామ. "కప్పు కూలితే పడేది నా కొడుకు నెత్తినే" అంది నానీ. కప్పు కూలలేదు. సొరతీగ, బచ్చలి, నిమ్మ, మిరప పెరిగి నీడ పరిచాక మామ గది చల్లబడింది, నానీ గది చల్లబడింది. డ్రమ్ములన్నీ ఆ రెండు గదుల మీదే పెట్టించారు మరి. వంటగది మీద మాత్రం ఉత్త కప్పు. నానీ ఊరగాయలు ఎండబెట్టుకోవడానికి ఆ చోటు కావాలి.

కప్పు మీదే నీళ్ళ ట్యాంకు ఉంది. దాన్ని ముట్టుకోకూడదు. "తాగే నీళ్ళు మొక్కలకా?" అని మామ ఒకసారి అన్న మాట ఆ ఇంట్లో చట్టం. అందుకని మామీ బియ్యం కడిగిన నీళ్ళు, చేపలు కడిగిన నీళ్ళు, బట్టలు జాడించిన నీళ్ళు అన్నీ దాచి, సాయంత్రం బకెట్లతో మెట్లెక్కుతుంది. నేత్రకోనా దగ్గర పల్లెటూరి బడిలో చదివి, కాలేజీకని రెండేళ్ళ కిందట ఈ ఇంటికి వచ్చిన మొమేనా ఆమె వెనకే రెండో బకెట్ పట్టుకుని ఎక్కుతుంది. కొత్తవాళ్ళు కనిపిస్తే కాలి వేళ్ళు చూసుకుంటూ నిలబడే పిల్ల మొమేనా. ఆ డాబా మీద మాత్రం ఆమెకు మాటలొచ్చేవి. నీళ్ళు పోయడం అయ్యాక మామీ గట్టు మీద కూచుని ఆ రోజు కబురు చెప్పేది, మొమేనా నోట్‌బుక్‌లో రాసేది. ఐదో తరగతితో బడి మానేసిన మామీ, తన మాటలు కాగితం మీద చూసుకుని, "ఇవి నేనన్న మాటలేనా తల్లీ? నీ చేతిలో పడి పెళ్ళికూతుళ్ళయ్యాయే!" అని మురిసిపోయేది. మధ్యాహ్నాలు పొయ్యి వెలిగించకముందే థర్మామీటర్ పెట్టి చూడడం మొమేనా ఆలోచన. నానీ గది ముప్పై మూడు, వంటగది ముప్పై ఎనిమిది. "అయితే నా చెమట ఖరీదు ఐదు డిగ్రీలన్నమాట. అదీ నాకు కాదు" అంది మామీ నవ్వుతూ. ఆ మాట కూడా రాసింది మొమేనా.

నగరంలో మంచి మిద్దెతోటకు బహుమతి ఇస్తున్నారని తెలిసి మామ తన పేరు పంపాడు. సాక్ష్యానికి ఏదైనా ఉంటే బాగుంటుందని వెతికితే ఆ నోట్‌బుక్ దొరికింది.

"బాగా రాశావు. కానీ అడుగడుగునా మామీ, మామీ అని ఏమిటిది? శుభ్రంగా తిరగరాయి. మామీ ఉన్నచోటల్లా 'నేను' అని పెట్టు. కింద నేను సంతకం చేస్తాను."

"మామీ ఏమైనా అనుకుంటుందేమో" అని గొణిగింది మొమేనా.

"అనుకోడానికి అదేమైనా చదవబోతుందా? అయినా మేమిద్దరం వేరువేరా? నీకు కాలేజీ కావాలా, ఊరికెళ్ళి నారు పీకుతావా?"

రెండు మధ్యాహ్నాలు, మామీ వంటగదిలో ఉండగా, మొమేనా కూచుని కొత్త పుస్తకంలో తిరగరాసింది. మామీ భుజం నొప్పి మాట తీసేసింది. చెమట ఖరీదు తీసేసింది. తలుచుకుంటే ప్రాణం చచ్చిపోయే సంగతి ఇంకొకటుంది. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ముచ్చట. ఎర్రసిరాతో అంచుగీత గీసి, అక్షరాలు ముత్యాల్లా పేర్చి, ఎంత బాగా వచ్చిందో అని తనలో తాను మురిసింది. దొంగసొమ్మును పట్టుగుడ్డలో మూటకట్టి, ముడి అందంగా పడిందని సంతోషించినట్టు.

బహుమతి ఇచ్చేవాళ్ళ తరఫున తాహేరా ఆపా వచ్చి తోటంతా తిరిగి చూసింది. నానీ గదిలోకి వచ్చి గోడ మీద అరచెయ్యి ఆనించింది. "వీధికి ఇలాంటి కప్పులు పది ఉంటే ఈ ఊరి ఎండ సగం విరుగుతుందండీ. వానకాలంలో మీ సందులో మోకాళ్ళలోతు నీళ్ళు నిలుస్తాయట కదా? కప్పుల మీది మట్టి వాననీళ్ళు పట్టుకుని మెల్లగా వదిలితే ఆ బాధా కొంత తగ్గుతుంది" అంది. మామ తలాడించాడు. "అంతా అల్లా దయ, కాస్త నా శ్రమ" అన్నాడు. "వాడికి చిన్నప్పటి నుంచీ మొక్కలంటే ప్రాణం" అంది నానీ.

మామ అందించిన పుస్తకం తెరిచి ఆపా పైకి చదివింది. "ఇవాళ సొరతీగ మీద ఆడపువ్వు ముఖం వేలాడేసుకుంది. మగపువ్వు ఒక్కటీ లేదు. పక్క డాబా వాళ్ళని బతిమాలి ఒకటి తెచ్చి, దాని పుప్పొడి దీనికి రాసి, ఇక నీ పని నువ్వు చూసుకో అమ్మా అని చెప్పాను." ఆపా నవ్వింది. "ఎంత ముద్దుగా రాశారు! ఇంత ఎత్తుకి తేనెటీగలు రావని మీరే చేత్తో పుప్పొడి రాస్తారన్నమాట. ఏ వేళప్పుడు?"

"పొద్దున్నే, నమాజు కాగానే" అన్నాడు మామ.

ఆపా నవ్వు ఆగింది. సొరపువ్వు విచ్చుకునేది సాయంత్రం. ఒక్కరోజు చేసినవాళ్ళకైనా ఆ సంగతి తెలుస్తుంది. ఆమె పుస్తకం మూసి మొమేనా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఈ తోట పని చేసేదెవరు? నీళ్ళు పోసేదెవరు?"

అప్పుడే మామీ టీ కప్పులూ, సమోసాల్లాంటి షింగాడాలూ ఉన్న పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది. ఆమె అంతా విన్నదని పళ్ళెంలో కప్పులు చేసిన చప్పుడే చెప్పింది. ఆమె మామ వైపు చూడలేదు, ఆపా వైపు చూడలేదు. మొమేనా వైపే చూసింది. కోపంగా కాదు, ఎదురుచూస్తున్నట్టు. ఒక్క మాట. "మామీ" అంటే చాలు. మామ కుర్చీ చేతిని వేలితో కొట్టాడు, టక్, టక్. మొమేనా కాలి వేళ్ళు చూసుకుంది.

"మామే. నీళ్ళు మామే పోస్తారు."

మామీ టీ అందించింది. మొమేనాకూ ఒక షింగాడా ఇచ్చింది, ఎప్పటిలాగే పెద్దది.

ఆపా వెళ్ళిపోయింది. సాయంత్రమైంది. మామీ బకెట్లు తీసుకుని మెట్లెక్కడం విని, మొమేనా పెట్టె అడుగు నుంచి పాత నోట్‌బుక్ తీసింది. కొట్టివేతలు, బురద వేలిముద్రలు, అడుగడుగునా మామీ. దాన్ని గుండెలకు ఆనించుకుని పరుగున పైకి వెళ్ళింది. మామీ డాబా తలుపు అవతల ఉంది.

"మామీ, తప్పయింది. నాకు భయమేసింది. ఇదిగో, అసలు పుస్తకం. రేపు నేనే వెళ్ళి ఆపాకి ఇస్తాను. ఊరికి పంపితే పంపనీ."

మామీ పుస్తకం వైపు చూసింది. చెయ్యి చాపలేదు.

"ఆవిడ చదువుతుంటే విన్నానులే. నా మాటలకి మీసాలు మొలిచాయి." గొంతులో నవ్వులాంటిదేదో వచ్చి ఆగిపోయింది. "ఇస్తే ఇవ్వు తల్లీ, మానితే మాను. అది నీకూ ఆవిడకీ సంగతి."

మొమేనా వంగి, గుమ్మం ఇవతల మిగిలిన రెండో బకెట్ అందుకోబోయింది. మామీ ముందుగా దాని పిడి పట్టుకుని అవతలికి లాక్కుంది. రోజూ ఆ బకెట్ మొమేనాదే.

"నీళ్ళు మామ పోస్తాడన్నావుగా. నీకేం పని ఇక్కడ?" అంది మామీ. "పువ్వు విచ్చుకునే వేళయింది." రేకు తలుపు, చప్పుడు కాకుండా, మొమేనా ముఖం మీద మూసింది.