తలకో తొక్కుడు

ఆ కారుకి పెట్రోలు పోయించడమంటే ఆ ఇంటాయనకి మహా సరదా. దానికి ఎంత తాగించాలో మాత్రం చచ్చేదాకా తెలుసుకోలేదు, మహానుభావుడు. తాళం తిప్పే ముందు యాక్సిలరేటరుని ఇంట్లో తలకోసారి తొక్కాలన్నది ఆయన పెట్టిన ఆచారం. "ఇది మీ అమ్మకి, ఇది పెద్దదానికి, ఇది చిట్టికి, ఇది నాకు" అంటూ తొక్కేవాడు. నలుగురే ఉన్న రోజుల్లో బాగానే నడిచింది. తర్వాత అల్లుళ్ళొచ్చారు, మనవలు పుట్టారు. ఎవర్ని వదిలేసినా వాళ్ళకి అన్యాయం చేసినట్టేనట! సంసారంతోపాటు తొక్కుళ్ళూ పెరిగాయి. ఇంజను పీకల దాకా తాగి మొరాయించేది. "సార్, కార్బురేటరుకి మీ చుట్టరికాలు తెలీవండీ" అని మెకానిక్కు మొత్తుకునేవాడు. వింటేగా! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆయన పోయి ఏడాది దాటింది. ఇవాళ ఆ సీట్లో చిన్నకూతురు చిట్టి కూర్చుంది. పేరుకే చిట్టి, జుట్టు సగం నెరిసింది. పక్కన అమ్మ.

అమ్మ ఈ ఏడాదంతా గడప దాటలేదు. పిలవని వాళ్ళు లేరు, బతిమాలని వాళ్ళు లేరు. "ఇంకో రోజు చూద్దాంలే" అనేది, అంతే. పంటి నొప్పికి కూడా ఇంట్లోనే కూర్చుని లవంగం కొరికింది గానీ డాక్టరు దగ్గరికి కదల్లేదు. అలాంటి మనిషి నిన్న ఉన్నట్టుండి, "మా అక్కని చూడాలనుందే. మన కార్లో అయితే వస్తాను" అంది. ఆ అక్కగారుండేది ఊరికి అటు చివర. చిట్టి ఎగిరి గంతేసినంత పని చేసింది. పొద్దున్నే వచ్చి బ్యాటరీ మార్పించింది, పెట్రోలు పోయించింది. ఈ రోజు గనక తప్పిపోతే అమ్మ ఇక ఆ ఇంట్లోంచి బయటికి రాదని ఆమె భయం.

అంత భయమున్న మనిషి చేసిన పని చూడండి! సీట్లో కూర్చోగానే కాలు దానంతటదే పాత పాట అందుకుంది. అమ్మకి, అక్కకి, బావకి, పిల్లలకి... పేరు పేరునా తొక్కింది. నాన్న వంతు వచ్చేసరికి వదలబుద్ధి కాలేదు. ఆయన కోసం కాస్త గట్టిగానే తొక్కింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. సెల్ఫ్ కొడితే ఇంజను కిర్రుకిర్రుమని దగ్గింది గానీ అందుకోలేదు. మళ్ళీ కొట్టింది. పెట్రోలు వాసన ముక్కు పగిలేలా కారంతా నిండింది.

"పోనీలేవే. దానికీ రావాలని లేదేమో. ఇంకో రోజు చూద్దాం" అంటూ అమ్మ డోరు మీద చెయ్యేసింది.

చిట్టి గబుక్కున అమ్మ వైపు తిరిగింది. "అమ్మా, అమ్మా, ఆగు! పెట్రోలు ఎక్కువైంది, అంతే. కాస్త ఆరనిస్తే బయల్దేరుతుంది. నాన్న ఏం చేసేవాడో నాకు తెలుసు."

"నాకు తెలీదేంటి? బానెట్టెత్తి కబుర్లేసుకునేవారు" అని అమ్మ నవ్వింది. నవ్వి, చెయ్యి తీసేసింది. చిట్టికి ప్రాణం లేచొచ్చింది.

చిట్టి ఒక్క పరుగున ఇంట్లోకెళ్ళి ప్లగ్గులు విప్పే పానా, పాత తువ్వాలు పట్టుకొచ్చింది. ఇద్దరూ ఎత్తిన బానెట్టు ముందు నిలబడ్డారు. ఆదివారాలన్నీ ఇక్కడే గడిచాయి కదా అనిపించింది చిట్టికి. కారు మొండికేయగానే అక్కా తనూ వెనక సీట్లోంచి దూకేసేవాళ్ళు. నాన్న మడ్‌గార్డుకి జారబడి, ఆఫీసులో పై అధికారి ఎలా నడుస్తాడో, ఎలా తుమ్ముతాడో చేసి చూపించేవాడు. అమ్మ వేరుశెనక్కాయలు ఒలిచి అందరి చేతుల్లో పోసేది. వెళ్ళిన చోట్లేవీ చిట్టికి గుర్తు లేవు. బయల్దేరకుండా నిలబడ్డ ఈ కాసేపే గుర్తుంది. ఆ రోజులు మళ్ళీ కావాలనిపించింది. పానాతో ప్లగ్గులు విప్పడం మొదలుపెట్టింది.

విప్పిన ప్లగ్గులు నల్లగా, తడిగా ఉన్నాయి. అమ్మ వాటిని ఒక్కొక్కటీ తుడిచి, ఊదింది.

"మెకానిక్కు చెప్తూనే ఉండేవాడే. ఇలా అయినప్పుడు టపటపా తొక్కొద్దు, అడుగుదాకా ఒక్కసారే అదిమిపట్టి తాళం తిప్పండని."

"మరి నాన్న ఎందుకు వినలేదు?"

"వింటే వెంటనే బయల్దేరాలిగా! ఆయనకి కబుర్లు కావాలి."

ప్లగ్గులు బిగించి, బానెట్టు దించి, ఇద్దరూ కారెక్కారు. చిట్టి యాక్సిలరేటరుని నేలకంటా అదిమి తాళం తిప్పింది. ఇంజను దగ్గింది, తుమ్మింది, వెనక నల్లటి పొగ కక్కింది, ఆపైన ఒక్కసారిగా బొబ్బ పెట్టి అందుకుంది. "అబ్బ, నా తల్లే!" అంది చిట్టి. కాలు కాస్త సడలిస్తే చాలు, ఆగిపోయేలా వణుకుతోంది. అప్పుడు చూసింది, ఇంటి తలుపు బార్లా తెరిచే ఉంది. పానా కోసం వెళ్ళినప్పుడు తనే వదిలేసి వచ్చింది.

"అమ్మా... తలుపు."

"చూశాను."

తను దిగితే ఇంజను ఆగుతుంది. ఆగితే మళ్ళీ అందుకుంటుందన్న నమ్మకం లేదు. అమ్మే దిగి లోపలికి వెళ్ళింది.

చిట్టి తనని తాను తిట్టుకుంది. ఒక కిటికీ మూసుకుంది. ఇంకోటి మూసుకుంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. అమ్మ మంచం మీద కూర్చుండిపోయిందేమో, చెప్పులు విప్పేసిందేమో. పరుగెత్తి చెయ్యి పట్టుకుని లాక్కు రావాలనిపించింది. కాలు కదిపితే కారు ఆగిపోతుందని అలాగే తొక్కిపట్టి కూర్చుంది.

అమ్మ గుమ్మంలో కనిపించింది. తలుపు లాగింది. తాళం వేసి, చెవి అటు తిప్పింది, ఇటు తిప్పింది, తాళాన్ని పట్టుకుని రెండుసార్లు గుంజి చూసింది. వచ్చి కూర్చుంది.

"ఇంతసేపేంటమ్మా? హడలి చచ్చాను."

"ఎటు తిప్పితే పడుతుందో తెలీలేదే. ఇన్నేళ్ళూ మీ నాన్నే వేసేవారు." తాళంచెవిని గుప్పిట్లో పెట్టుకుంది. "తీసేదీ ఆయనే. నేను దిగి వచ్చేసరికి తలుపు తీసి, లైటు వేసి ఉంచేవారు. వెళ్తే వెళ్తానే, తిరిగొచ్చి ఆ తలుపు నేనే తీసుకోవాలి కదా. అది నా వల్ల కాదనిపించి ఎక్కడికీ కదల్లేదు."

చిట్టికి ఎదురుగా రోడ్డు మసకబారింది. "తాళంచెవి ఇటివ్వమ్మా. వచ్చాక నేను తీస్తాలే."

అమ్మ గుప్పిట బిగించింది.

"వద్దు, నేనే తీస్తాను. నువ్వు పోనివ్వు."