పదకొండో నీడ

గద్వాలలో ఆ మగ్గాల వీధికి పొద్దున ఆరింటికే పని మొదలవుతుంది. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నిలువు పోగుల పడుగు చాపి, గంజి పెట్టి, అటొకరు ఇటొకరు నడుస్తూ కుంచెతో దువ్వుతారు. ఎండ ముదరకముందే ఆ పని కావాలి. గంజి నిదానంగా ఆరితే పోగు గట్టిగా నిలుస్తుంది. బిరబిరా ఆరిందా, పెళుసెక్కి మగ్గం మీద పుటుక్కున తెగుతుంది. ఫాల్గుణం వచ్చిందంటే పాలమూరు ఎండకు అంత ఓపిక ఉండదు. అందుకని అనంతమ్మ కొడుకును లేపేది.

"నరేందరూ, లెవ్వు బిడ్డా. జర వచ్చి పడుగు పక్కన నిలవడు. పొద్దు మీదికొస్తుంది."

నరేందర్ లేచి, మొహం కడుక్కొని, పడుగుకు తూర్పు పక్కన నిలబడేవాడు. అతని కాళ్ళ దగ్గర నుంచి నీడలన్నీ విసనకర్ర విప్పినట్టు పడుగు మీదికి పరుచుకునేవి. అందులో ఒకటి అతనిది. మిగతావి విమానంలో వచ్చినవాళ్ళవి.

కార్తీకంలో, బెంగుళూరు నుంచి హైద్రాబాదు పోయే విమానం ఒకటి కోడేరు అవతల వేరుశనగ చేన్లలో కూలింది. నలభై ఒక్కమంది ఉన్నారని లెక్క. ఒక్కరూ మిగల్లేదు. గద్వాల నుంచి ఫైరింజను మీద పోయినవాళ్ళలో నరేందర్ ఒకడు. మంటలు ఆర్పడం ఒక పూటతో అయిపోయింది. మనుషులను ఏరడానికి మూడు రోజులు పట్టింది. ఎవరు ఎంతమందిని తల పక్క పట్టి ఎత్తితే అన్ని నీడలు వాళ్ళ వెంబడి ఇంటికొచ్చాయి. ఫైరింజను డ్రైవరుకు మూడు. మున్సిపాలిటీ నుంచి వచ్చిన బాలమణికి ఆరు. దూరంగా నిలబడి కాగితం మీద రాసుకున్న సారుకు మాత్రం తనదొక్కటే. టీ హోటల్లో నరేందర్ కూర్చుంటే పక్కవాళ్ళు ఆ నీడలను తొక్కకుండా కాళ్ళు ముడుచుకునేవాళ్ళు. అంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు.

నరేందర్ మాత్రం నాలుగు నెలలుగా కిందికి చూడలేదు. మెడ ఎత్తి కరెంటు తీగలు చూసుకుంటూ నడిచేవాడు. అట్లా నడిచి రెండుసార్లు బర్రెను గుద్దుకున్నాడు కూడా. ఇంట్లో లైటు వేస్తే ఆర్పేవాడు. అన్నంలో పెట్రోలు వాసన వస్తుందని కంచం జరిపేవాడు.

"ఇయ్యాల బియ్యం నాలుగుసార్లు కడిగిన. తిను," అనేది అతని భార్య రజిత. ఆ వాసన బియ్యానిది కాదని ఆమెకు తెలుసు. అయినా కడిగేది.

నాలుగేండ్ల కూతురు సింధూజ ఎత్తుకొమ్మని చేతులు చాస్తే, అతను తన చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా ఆ చేతులు తనవి కానట్టే ఉండేవి.

ఆ రోజు పడుగు దువ్వడం అయిపోయాక, అనంతమ్మ అలవాటు ప్రకారం తడి చూడటానికి అరచెయ్యి ఆనిస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. నీడ పడ్డచోట తడి ఇంకా ఉంటుంది, పడనిచోట ఆరుతుంది. నడిచి, ఆగి, మళ్ళీ మొదటి నుంచి నడిచింది. వేల పోగుల్లో ఒక్క పోగు తప్పినా పట్టుకునే చెయ్యి అది.

"నువ్వు ఎత్తింది ఎంతమందిని కొడకా?"

"తొమ్మిది మందిని. చెప్పిన గదమ్మా."

"నీది కలిపితే పది. ఈడ పదకొండు తడి మచ్చలున్నయి. ఆఖరుది చిన్నది, పీట అంత."

వీధి ఊడుస్తున్న బాలమణి చీపురు ఆపింది. తన ఆరు నీడలను వెనకేసుకొని దగ్గరికొచ్చి చూసింది. యాభై దాటిన మనిషి, నోరు ఎప్పుడూ ఊరుకోదు. ఇప్పుడు మాత్రం ఆ చిన్న మచ్చ పక్కన వంగి కూర్చుంది.

"తమ్మీ," అన్నది, "పదిహేడో నంబరు యాదికున్నదా?"

నరేందర్‌కు యాదికి లేనిది ఎప్పుడు? ఒక ఆడమనిషి, చేను గట్టు కింద బోర్లా పడి ఉంది. మోకాళ్ళు, చేతులు పొట్ట కిందికి ముడుచుకొని ఉన్నాయి. ఒంటి మీద బట్ట మిగల్లేదు. మగ్గాల వీధిలో పుట్టినవాడు, మనిషికి మొదట కావాల్సింది బట్టే అని పెరిగినవాడు. కళ్ళు మూసుకొని దుప్పటి కప్పాడు. "ఎవరూ చూడకుండ్రి," అని అరిచాడు. తిప్పలేదు, చేతులు విప్పలేదు. ఎట్లా ఉన్న మనిషిని అట్లాగే చుట్టి, నేతగాడి ముడి వేశాడు. ఒకసారి బిగిస్తే విప్పరాని ముడి. మూటకు ఒక సంచి, సంచికి ఒక నంబరు, నంబరుకు ఒక డీఎన్‌ఏ పరీక్ష, పరీక్షకు ఒక పేరు. ముడి విప్పకుండా పాదం నుంచే నమూనా తీసుకున్నారు. విప్పొద్దని ఇంటివాళ్ళకు చెప్పి పెట్టెకు మేకులు కొట్టి పంపించారు.

పేరు రమ్య. పెద్దమందడి రైతు యాదయ్య బిడ్డ. ఒడిలో పదకొండు నెలల పాపతో విమానం ఎక్కిందని పేపర్లో పడింది. పాప దొరకలేదని కూడా పడింది.

యాదయ్య సంగతి ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. బిడ్డను పెట్టెతో సహా దహనం చేశాడు గానీ పదకొండోనాటి కర్మ చెయ్యలేదు. "తల్లినొక్కదాన్నే సాగనంపితే, పిల్ల ఏడ్చుకుంట ఎవరెంబడి పోతది?" అన్నాడు. రోజూ మొదటి బస్సుకు కోడేరు పోతాడు, ఆ చేన్లో కూర్చొని మన్ను జల్లెడ పడతాడు. రోజుకు ఒక మంచమంత నేల. అక్కడ ఇంటి దగ్గర భార్య అలివేలమ్మ రోజు విడిచి రోజు పొయ్యి వెలిగిస్తుంది. పోయిన వారం యాదయ్య వడదెబ్బకు పడిపోతే దవాఖానలో సెలైన్ ఎక్కించారు. తెల్లారి మళ్ళీ జల్లెడ పట్టుకొని వచ్చాడు. ఇంకో ఎండ తగిలితే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడట.

"పోయి చెప్తే ఎంక్వైరీ అంటరేమో," అన్నది రజిత, గడప దగ్గర నిలబడి. "సంచి ఎందుకు చూడలేదని అడుగుతరు. నౌకరి..."

"చెప్తే ముసలాయన జల్లెడతోని కొడ్తడు," అన్నది బాలమణి. "కొట్టనీ. కాళ్ళ పక్క పట్టింది నేనే గద. నేనూ వస్త, నాకూ రెండు పడనీ. బండి తియ్యి తమ్మీ."

రజిత లోపలికి పోయి నీళ్ళ సీసా తెచ్చి బాలమణి చేతికిచ్చింది.

బీచుపల్లి వంతెన మీద బండి పోతుంటే నీడలన్నీ రెయిలింగు దాటి కృష్ణ నీళ్ళ మీద పరుగెత్తాయి. వెనక కూర్చున్న బాలమణి చూసి, "నావాళ్ళల్ల ఒకామె నీళ్ళను చూస్తే మస్తు కుష్ అయితది," అన్నది. నరేందర్ ముందుకే చూశాడు. వనపర్తి దాటి కోడేరు చేరేసరికి పన్నెండు కావచ్చింది.

చేన్లో నిలబడదామంటే ఒక్క చెట్టు లేదు. ఉన్న రెండు వేపచెట్లూ విమానం కూలిన రోజే కాలిపోయాయి. యాదయ్య తలకు తువ్వాల చుట్టుకొని, గొంతుక్కూర్చొని జల్లెడ ఆడిస్తున్నాడు.

"ఎవరది? జర పక్కకు జరుగు నాయినా. మన్ను మీద నీడ పడ్తుంది." తల ఎత్తాడు. "శానా ఉన్నట్టున్నయి నీడలు. మోసినోనివా?"

"అవును తాతా. గద్వాల ఫైరింజన్ల చేస్త. నరేందర్."

"సల్లపూట రావొద్దా? గీ ఎండల ఎందుకు పరేషాన్? నీళ్ళు తాగు ముందుగాల." తన సీసా అందించాడు.

నరేందర్ సీసా పట్టుకున్నాడు గానీ తాగలేదు. "తాతా, పదిహేడో నంబరును నేనే ఎత్తిన."

జల్లెడ ఆగింది.

"నా బిడ్డ," అన్నాడు యాదయ్య.

"బోర్ల పడి ఉండె తాతా. చేతులు పొట్ట కిందికి పెట్టుకొని ఉండె. ఒంటి మీద బట్ట లేకుండె. ఆడకూతురు గద అని దుప్పటి కప్పి, అట్లనే చుట్టి ముడేసిన. చేతులు ఇప్పి చూడలే. ఆ చేతులల్ల పాప ఉన్నది. నేను చూడలే."

యాదయ్య లేచాడు. జల్లెడతో నరేందర్ భుజం మీద కొట్టాడు. మన్ను రాలింది. మళ్ళీ కొట్టాడు.

"నాలుగు నెలలురా! నాలుగు నెలల సంది గీ మన్ను తోడుతున్న!"

బాలమణి అడ్డం పోలేదు. మూడోసారి ఎత్తిన జల్లెడ ఎత్తినట్టే ఆగిపోయింది.

"చూడలే అంటివి. మరి ఉన్నదని నీకెట్ల ఎరుక?"

"నీడ వచ్చింది తాతా. నా ఎంబడే ఉన్నది."

ముసలాయన నిదానంగా కూర్చున్నాడు. రెండు అరచేతులూ నేలకు ఆనించాడు. "నా కండ్లకు శుక్లాలు. నీడేదో ఎండేదో తెలుస్తది, అంతే. ఏది దొరికినా తడిమి చూసుకుంట. నువ్వు చూసి చెప్పు. పిల్ల చెయ్యి ఏడున్నది?"

నాలుగు నెలల తరువాత నరేందర్ తల దించాడు.

నడినెత్తిన ఎండ. నీడలన్నీ దగ్గరగా, పొట్టిగా, అతని కాళ్ళ చుట్టూ చేరి ఉన్నాయి. పొడుగాటాయన ఉన్నాడు. కాలేజీ పిల్లలిద్దరు భుజం భుజం ఆనించుకొని ఉన్నారు. జడ వేసుకున్న పెద్దామె ఉంది. భయంకరంగా ఉంటారనుకున్నాడు ఇన్నాళ్ళు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళ లాగా ఉన్నారు, అంతే. అందరికంటే వెనక, వంగి కూర్చున్న ఒకామె. ఆమె ముందర పీట అంత నీడ.

మోకాళ్ళ మీద కూర్చొని దగ్గరగా చూశాడు.

"ఒక చెయ్యి తల్లి మీదున్నది. ఇంకో చెయ్యి... చెవి పట్టుకున్నది తాతా."

యాదయ్య చెయ్యి తన చెవి దాకా పోయింది.

"నిద్రొస్తే అంతే అది," అన్నాడు. "మా రమ్య ఫోన్ల చూపెట్టేది. చెవి పట్టుకున్నదంటే ఇగ మాట బంద్ చేసి, ఫోను పెట్టెయ్యాల్నన్న మాట." తువ్వాల కొసతో మూతి తుడుచుకున్నాడు. "అయితే భయపడలే. నిద్రల ఉండె."

"నిద్రల ఉండె తాతా," అన్నది బాలమణి.

"తల్లి చేతులు నువ్వు ఇప్పలే అంటివి గద?"

"ఇప్పలే."

"ఇప్పకపోతేనే మంచిగైంది పో." అని, జల్లెడను బోర్లించి, మోకాలు పట్టుకొని లేచాడు. "ముసల్దానికి ఈ మాట నేను చెప్త. ఎల్లుండికి పదకొండోనాడు లెక్క పెట్టుకుంట. మోసినోళ్ళు ఉండాలె. వస్తరా?"

"వస్తం తాతా."

"పిల్లలున్నరా నీకు?"

"బిడ్డ. నాలుగేండ్లు."

"తోలుకొని రా."

యాదయ్య బస్టాపు దిక్కు నడిచాడు. నాలుగడుగులు వేసి, ఏదో యాదికొచ్చినట్టు బిడ్డ తన నీడను ఆనవాలు పట్టాలన్నట్టు తలకు చుట్టిన తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. అప్పుడు నరేందర్ కాళ్ళ దగ్గర ఏదో సడలినట్టయింది, కట్టు విప్పిన చోటికి రక్తం పారినట్టు. వంగి కూర్చున్న ఆమె లేచి నిలబడింది. పాపను చంకకెత్తుకుంది. గట్టు మీదుగా ఇద్దరూ యాదయ్య నీడను అందుకున్నారు. నరేందర్ వంగి మిగిలినవాళ్ళను ఒక్కొక్కరినే చూసుకున్నాడు. ఎనిమిది మంది. పొడుగాటాయన చేతికి గడియారం ఉందని ఇప్పుడే తెలిసింది అతనికి.

బస్టాపులో రేకుల కింద సోడా అమ్మే జోగులమ్మ అరిచింది. "ఓ తాతా, నీడకు రారాదు? మొన్ననే పడిపోతివి!"

"బస్సు వచ్చేదాంక ఈడనే ఉంట బిడ్డా. అదుగో, వస్తనే ఉన్నది."

నరేందర్, బాలమణి వచ్చి ముసలాయనకు చెరో పక్క నిలబడ్డారు. ముగ్గురూ, వెంట ఉన్న నీడలు చెరగకుండా, ఎండలోనే ఉన్నారు.

వనపర్తి బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. లోపల సగం సీట్లు ఖాళీ. జనమంతా ఒక పక్కకే కూర్చున్నారు.

"ఆ పక్కకు కూసో తాతా," అన్నాడు కండక్టరు. "ఈ పక్క వనపర్తి దాంక ఎండ కొడ్తది."

"ఎరికే," అన్నాడు యాదయ్య. ఎండ పక్క సీటులోనే, కిటికీ దగ్గర ఇద్దరికి చోటు విడిచి, ఈ కొసన కూర్చున్నాడు.