పెత్రమాస బియ్యం

భవ్యశ్రీ తన తండ్రిని కన్న బాపమ్మను ఒక మంగళవారం పొద్దున హాస్టల్ వార్డెన్ గదిలో నిలబడి, ఒక్క మాటతో చంపేసింది. చంపాలని వెళ్లలేదు. రెండు రోజులు ఇంటికి పోనివ్వమని అడగడానికి వెళ్లింది, అంతే.

బోథ్ నుంచి కరీంనగర్ వచ్చి, యూనివర్సిటీలో ఎమ్మెస్సీలో చేరి అప్పటికి నెల కూడా కాలేదు. క్లాసులో పాఠమంతా ఇంగ్లీషులో గడగడా సాగిపోయేది. తెలుగులో డిగ్రీ చదివిన పిల్లకు బోర్డు మీది బొమ్మలు తప్ప ఏదీ తలకెక్కేది కాదు. హాస్టల్ గదిలో ఉండే మిగతా ఇద్దరూ చెడ్డవాళ్లేమీ కాదు. వనజ రెండో సంవత్సరం, గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. శ్రేయది జగిత్యాల, ఈమె క్లాసే. వాళ్ల ముచ్చట్లు వాళ్లకుండేవి, అందులోకి ఎట్లా దూరాలో ఈమెకు తెలిసేది కాదు. మెస్సులో పళ్లెం పట్టుకుని ఎవరి పక్కన కూర్చోవాలో తేలక, చివరి బల్ల దగ్గర గోడకు ముఖం పెట్టి తినేది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "మంచిగున్న" అనేది.

"వచ్చి నెల కాలే, అప్పుడే ఇంటికా?" అంది వార్డెన్ నిర్మలాదేవి. "గిట్ల ఇంటి మీదనే పాణం కొట్టుకుంటే సదువెట్ల సాగుతది? అసలు ఏమైందో చెప్పు."

ఏమీ కాలేదు. చిక్కంతా అదే. ఏమీ కాకుండానే ఊపిరాడటం లేదని పెద్దమనిషికి ఎట్లా చెబుతారు?

"మా బాపమ్మ సచ్చిపోయింది మేడం" అంది.

మాట నోరు దాటగానే నాలుక కరుచుకుంది. కానీ ఏడుపు మాత్రం నిజంగానే వచ్చింది. ఇన్నాళ్లూ దాచుకున్న ఏడుపంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది. నిర్మలాదేవి కుర్చీలోంచి లేచి వచ్చి తల మీద చెయ్యి వేసింది. ఈ ఊరొచ్చాక ఆ తల మీద ఒక చెయ్యి పడటం అదే మొదలు. అప్పుడైనా అబద్ధమని చెప్పేస్తే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆ చెయ్యి తీసేస్తారన్న భయంతో పిల్ల నోరు తెరవలేదు.

వనజ క్లాసు మానేసి బస్టాండు దాకా వచ్చింది. నీళ్ల సీసా, అరటిపండ్లు సంచిలో పెట్టింది. కండక్టర్ దగ్గరికి వెళ్లి, "అన్నా, పిల్లోళ్లింట్ల సావైంది, నిర్మల్‌ల జర మంచిగ బస్సు ఎక్కియ్యున్రి" అని అప్పగింతలు పెట్టింది. కండక్టర్ ముందు సీటు ఇప్పించాడు. పక్కన కూర్చున్న ముసలమ్మ నిర్మల్ వచ్చేదాకా వీపు నిమురుతూనే ఉంది.

బోథ్‌లో దిగి ఇంటికి వెళ్లేసరికి చచ్చిపోయిన బాపమ్మ అరుగు మీద కూర్చుని పుంటికూర, అదే గోంగూర, తెంపుతోంది.

"సెలవులిచ్చిండ్రా బిడ్డా? గింత ఎండిపోయినవేందే?" అని లేచింది.

ఆ రెండు రోజులూ జొన్నరొట్టెలు చేసి పెట్టింది, పుంటికూర తొక్కు నూరింది, తలకు నూనె పెట్టి మర్దన చేసింది. ఆ వేళ్లు తలలో కదులుతుంటే పిల్లకు సుఖంగానూ ఉంది, చెయ్యి తీసెయ్యమనాలనీ ఉంది. మధ్యలో బాపమ్మ ఒకసారి దగ్గింది. ఎప్పుడూ దగ్గే దగ్గే అది. అయినా భవ్యశ్రీ ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

వెళ్లేటప్పుడు బాపమ్మ డబ్బా నిండా నూనెలో కాల్చిన తీపి గరిజెలు పెట్టి ఇచ్చింది. "నువ్వొక్కదానివే తినకు. దోస్తులకు పెట్టు. పెడితేనే దోస్తులైతరు" అంది.

సావు జరిగిన ఇంట్లో పొయ్యి మీద మూకుడు పెట్టరు. గరిజెల డబ్బాతో హాస్టల్లో దిగితే, మీ ఇంట్లో ఎవరు చచ్చారే అని అడగరా? నిర్మల్ బస్టాండులో బెంచీ మీద డబ్బా పెట్టి, మరిచిపోయిన దానిలాగా లేచి వచ్చి, కరీంనగర్ బస్సు ఎక్కింది. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే దిగిపోయేది.

తిరిగొచ్చాక చూస్తే హాస్టలే మారిపోయింది. శ్రేయ తన నోట్సులన్నీ ముందు పెట్టి, ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులో విడమరిచి చెప్పింది. మెస్సులో వనజ పక్కన చోటు ఆపి ఉంచింది. ఎవరో ఆమె బట్టలు తమ బట్టలతో పాటు ఉతికి ఆరేశారు. నెల రోజులు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసినవన్నీ ఒక్క వారంలో వచ్చి ఒళ్లో పడ్డాయి. పాఠాలు అర్థమవుతున్నాయి, అన్నం సయిస్తోంది, నవ్వు కూడా వస్తోంది. నవ్వు రాగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. చూసినవాళ్లు పాపం, బాపమ్మ గుర్తొచ్చిందనుకునేవారు. నిజమే, గుర్తొచ్చేది.

పొద్దున లేవగానే మేడ మీదికి పోయి ఇంటికి ఫోన్ చేసేది. "బాపమ్మ ఏం చేస్తుంది బాపూ?" అని అడిగేది. పళ్లు తోముతున్నదనో, చాయ్ తాగుతున్నదనో చెబితే గానీ గుండె కుదురుకునేది కాదు. తథాస్తు దేవతలు ఎక్కడ తిరుగుతుంటారో ఎవరికి తెలుసు?

ఒకనాడు వనజ మంచం మీద కూర్చుని తన సంగతి చెప్పింది. ఆమె పదో తరగతిలో ఉండగా తల్లి పోయింది. ఏడాది తిరగకుండా తండ్రి మళ్లీ పెండ్లి చేసుకున్నాడు.

"మా అవ్వ పోయినంక నా పక్కన ఎవ్వలు కూసోలే భవ్యా" అంది. "అందరు బాపు పక్కనే కూసున్నరు. అందుకే నిన్ను చూస్తే నాకు పాణం ఆగలే."

భవ్యశ్రీ తల దించుకుని దుప్పటి అంచు పీకుతూ కూర్చుంది. చెప్పెయ్యాలనుకుంది. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు రోజుకొకటి పుట్టేది.

ఇంతలో పెత్రమాస దగ్గరపడింది. ఆ అమావాస్య పొద్దున పోయిన పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు దానమిస్తారు. సాయంత్రం నుంచి బతుకమ్మ మొదలవుతుంది. ముందురోజు వనజ బజారుకు పోయి సంచి నింపుకొచ్చింది. బియ్యం, పెసరపప్పు, సోరకాయ, చామగడ్డ, చింతపండు, నెయ్యి. అన్నిటి పైన ఒక పుంటికూర కట్ట.

"మీ బాపమ్మకు పుంటికూర ఇష్టమంటివి గదా. రేపు ధర్మపురి పోదాం. గోదావరి ఒడ్డున బియ్యం ఇచ్చొద్దాం."

"నేనా? ఆడపిల్లలు ఇయ్యద్దేమో అక్కా. బాపు ఇంటికాడ ఇస్తడు."

"మా బాపు గూడ గట్లనే అన్నడు. ఆడపిల్ల ఇయ్యద్దు, నేనిస్త అన్నడు. మల్ల పెండ్లైనంక గా ఇంట్ల మా అవ్వ పేరే ఎత్తరు. ఇయ్యకపోతినని గిప్పటికి నా కడుపుల మంటనే. నీకు గట్ల కావద్దు."

ఇక తప్పించుకునే దారి లేదు. ఆ రాత్రి జ్వరం రావాలని దేవుడికి మొక్కింది. రాలేదు. ఆమె మొక్కులు వినే స్థితిలో దేవుడు లేనట్టున్నాడు.

మర్నాడు బస్సు జగిత్యాల దాటుతుండగా ఫోన్ మోగింది. తెర మీద 'బాపు' అని పడింది. వనజ చూసింది.

"మాట్లాడు. తల్లి పోయినంక మొదటి పెత్రమాస, ఆయనకెంత రంది ఉంటదో" అంటూ చెయ్యి చాపింది. "నాకియ్యి, నేను గూడ ఒక మాట ధైర్యం చెప్త."

భవ్యశ్రీ కిటికీ వైపు తిరిగింది. ఫోన్ చెవికి అదిమిపెట్టుకుంది. అవతల బాపు కాదు, బాపమ్మే.

"బిడ్డా, ఇయ్యాల్ల బతుకమ్మ గదా, ఆడ తంగేడు పువ్వు దొరికిందా? మంచిగ ఆడు. నా దిక్కు కెల్లి గూడ ఆడు, నాకు మోకాళ్లు వంగుత లేవు..."

"సిగ్నల్ లేదు బాపూ" అని కట్ చేసింది. బతికున్న మనిషి గొంతు అట్లా మధ్యలో తెంపేసి, ఫోన్‌ను ఒళ్లో బోర్లించి రెండు చేతులూ దాని మీద పెట్టింది. వనజ ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుంది.

ధర్మపురిలో రేవు నిండా జనం. మెట్ల మీద అయ్యగార్లు వరసగా కూర్చున్నారు. ఒకాయన ముందు వనజ విస్తరాకు పరిచి, బియ్యం కుప్పగా పోసింది. కూరగాయలు చుట్టూ పేర్చి, పుంటికూర కట్టను నీళ్లు చల్లి మరీ పైన పెట్టింది. భవ్యశ్రీ చేతికి దర్భ ఇచ్చారు. దోసిట్లో నువ్వులు, నీళ్లు పోశారు.

"ఎవరి పేరు మీద తల్లీ?" అన్నాడు అయ్యగారు.

ఎల్లక్క. బాపమ్మది మూడక్షరాల పేరు. నోరు తెరిస్తే వచ్చేస్తుంది. వస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మెస్సులో పక్క చోటు, శ్రేయ నోట్సులు, వనజ చెయ్యి, అన్నీ ఉంటాయి. కానీ అటు బోథ్‌లో అరుగు మీద కూర్చుని, మోకాళ్లు రాసుకుంటున్న మనిషిని ఇక్కడ నీళ్లు వదిలి పంపేయాలి. వార్డెన్ దగ్గర నోరు జారడం వేరు. ఇది వేరు. దోసిట్లో నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి.

"చెప్పు భవ్యా" అంది వనజ మెల్లగా.

"చెప్పలేనక్కా. బతికే ఉంది."

"ఎవ్వలు?"

"మా బాపమ్మ. సావలే. ఇంటికి పోవాల్నని అబద్ధం చెప్పిన. ఇందాక ఫోన్ చేసింది గూడ ఆమెనే."

వనజ ముఖం చూడటానికి భవ్యశ్రీకి ధైర్యం చాలలేదు. తిడుతుందనుకుంది, కొడుతుందనుకుంది. ఏదీ జరగలేదు.

"వెనక మంది నిలబడ్డరు తల్లీ. ఎవరి పేరో చెప్పున్రి" అన్నాడు అయ్యగారు.

వనజ ముందుకు జరిగింది. భవ్యశ్రీ వేళ్ల మధ్య నుంచి దర్భ లాక్కుంది.

"ఉమారాణి" అంది. "మా అవ్వ. బిడ్డనిస్తే అందుతదా అయ్యగారూ?"

"ఎందుకందదు తల్లీ, ఇయ్యి."

వనజ నీళ్లు వదిలింది. ఇన్నేళ్లు లోపలే పెట్టుకున్న పేరును పదిమంది మధ్య మూడుసార్లు అంది. పుంటికూర కట్టను మాత్రం తీసి పక్కన పెట్టింది. "మా అవ్వకు పుంటికూర పడది" అంది, ఎవరితోనో అన్నట్టు.

తిరుగు బస్సులో వనజ వేరే సీట్లో కూర్చుంది. పుంటికూర కట్ట భవ్యశ్రీ ఒళ్లో ఉంది. అంత సిగ్గు ఆమె పుట్టిన తర్వాత ఎరగదు. హాస్టల్ చేరగానే వనజ అందరికీ చెబుతుంది, చెప్పాలి కూడా, రేపటి నుంచి మళ్లీ చివరి బల్ల, గోడ. చేసిన పాపానికి అది ఇంకా తక్కువే అనుకుంది.

సాయంత్రం హాస్టల్ ముందు బతుకమ్మను పెట్టారు. తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేర్చారు. శ్రేయ పట్టు లంగా కట్టుకుని వచ్చి, వరండాలో కుర్చీ వేసి, భవ్యశ్రీని ప్రేమగా కూర్చోబెట్టింది. "సావైన ఇంటోళ్లు ఈ యేడు ఆడద్దు గదా. నువ్వు గీడ కూసో, మా ఫోన్లు జర సూసుకో" అంది. అంటే వనజ ఇంకా చెప్పలేదు.

చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. వార్డెన్ కూడా చీర కుచ్చిళ్లు దోపుకుని ఆడుతోంది. రెండు పాటలయ్యాక వనజ వరసలోంచి బయటికి వచ్చి, కుర్చీ ముందు నిలబడింది.

"నేను ఎవ్వలకు చెప్పలే. ఇంక మీద గూడ చెప్ప" అంది.

"అక్కా..."

"నాతోని మాట్లాడకు. ఇను. నువ్వు లేసి ఆడితే అందరికి తెలుస్తది. ఆడకుంటే ఎవ్వలకు తెల్వది. కాని గీ కుర్చీల కూసున్నంత సేపు నీ బాపమ్మ సచ్చినట్టే."

అనేసి వెళ్లి వరసలో కలిసింది.

భవ్యశ్రీ ఒళ్లో ఫోన్లు, కాళ్లకు చెప్పులు. నా దిక్కు కెల్లి గూడ ఆడు అన్న మాట చెవిలో గింగురుమంటోంది. ఫోన్లన్నీ కుర్చీలో పెట్టింది. చెప్పులు విడిచింది. మెట్లు దిగి వలయం దగ్గరికి నడిచి, వంగి ఒక చప్పట కొట్టింది.

ముందు శ్రేయ ఆగింది. ఆమె వెనక ఇంకొకరు. పాట తడబడి ఆగిపోయింది.

"అదేంది భవ్యా, మీ ఇంట్ల..." అంది నిర్మలాదేవి.

"మా ఇంట్ల ఎవ్వలు సావలే మేడం. మా బాపమ్మ బతికే ఉంది. నేను అబద్ధం చెప్పిన."

ఏడవకూడదనుకుంది. ఈసారి ఏడిస్తే మళ్లీ ఎవరైనా తల మీద చెయ్యి వేస్తారేమోనని భయపడింది. ఎవరూ వెయ్యలేదు. శ్రేయ ముఖం ఎర్రబడింది. నిర్మలాదేవి దోపుకున్న కుచ్చిళ్లు దించుకుని, "రేపు నా రూముకు రా" అంది.

ఆగిన పాటను వనజే ఎత్తుకుంది. ఆమె చప్పట్లతో ఒకరొకరుగా మిగతావాళ్లవి కలిశాయి. భవ్యశ్రీకి పక్కవాళ్లు ఎవరూ జాగా ఇవ్వలేదు. వలయానికి బయట ఒక్కతే తిరుగుతూ, కన్నీళ్లకు దారి కనపడక అడుగులు తప్పుతూ ఆడింది. ఒక చుట్టు తిరిగి వనజ దగ్గరికి వచ్చేసరికి, వనజ ముఖం తిప్పకుండానే కొంచెం పక్కకు జరిగింది.

"వంగి కొట్టు" అంది కోపంగా. "బోథ్‌ల గిట్లనే ఆడుతరా?"