కడవల వెనక కప్ప

ఆరో కడవ దించేసరికి రామాంజినమ్మకు మెడ నరాలు గుంజేవి. బెళుగుప్ప దాటి ఆ మెట్ట మీది ఊళ్లో నీళ్లున్నది ఒక్క దిగుడు బావిలోనే. ఇంటికి మైలు దూరం, లోపలికి నలభై మెట్లు. ఇంట్లో ముగ్గురు మనుషులు, రెండు ఎద్దులు. మనుషులకైతే కాస్త ఓర్చుకోమని చెప్పవచ్చు, ఎద్దులకు ఏం చెప్తాం? ఆరు కడవలూ దించి, చుట్టకుదురు విదిలించి గోడకు చేరబడితే అరుగు మీంచి మొగుడు అంజినప్ప అనేవాడు: “ఏం పని నీకు ఇంట్లో? నీళ్లు, సంగటి. అంతే గదా.”

అంతే గదా! ఏడేళ్ల కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు విన్నదో. పుట్టింట్లో, యాడికి అనే ఊళ్లో, ఆమె వసపిట్ట. పొయ్యితో, మేకతో, గోడమీది బల్లితో కూడా మాట్లాడేది. అత్తారింటికి వచ్చిన మూడోనాడే అత్త భద్రమ్మ పక్కకు పిలిచి చెప్పింది: “మాటలు తగ్గించు పాపా. ఈ ఇంట్లో ఆడోళ్ల గొంతు గడప దాటదు.” మొదట్లో పళ్లు బిగబట్టి ఊరుకునేది. తర్వాత్తర్వాత బిగబట్టవలసిన పని కూడా లేకపోయింది.

వంటింటి మూలలో ఇసుక పోసి, దాని మీద కడవలు పెట్టేవాళ్లు. మట్టి కడవలు చెమర్చి ఆ ఇసుక ఎప్పుడూ చల్లగా ఉండేది. వానలు ముఖం చాటేసి మూడేళ్లు, ఊరి చెరువులో మేకలు పడుకుంటున్న రోజులవి. ఆఖరి కడవ దించాక రామాంజినమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఆ తడిలో అరచెయ్యి ఆనించేది. లోపల ఎక్కడో నేల ఇంకా బతికే ఉందని ఆ చేతికి తెలిసేది. అట్లా ఒకరోజు చెయ్యి పెడితే వేళ్ల కింద ఏదో మెత్తగా కదిలింది. కప్ప! ఎట్లా వచ్చిందో, ఏ తడిని వెతుక్కుంటూ ఎంత దూరం వచ్చిందో.

ఆ రోజునుంచి ఆమెకు మళ్లీ మాటలు వచ్చాయి. గుసగుసగానే అనుకోండి. బావి గట్టు సీతాఫలం చెట్టుకు రెండాకులు వచ్చాయని, చీమలు గుడ్లు మోసుకుని మెట్లెక్కుతున్నాయని, బళ్లారి దిక్కున మబ్బు కనబడి అటే పోయిందని చెప్పేది. కప్ప గొంతు కింద చర్మం ఆడిస్తూ వినేది. దానికి చెప్పాలని దారి పొడుగునా చెట్టూ పుట్టా చూసుకుంటూ నడిచేది. కడవ బరువు కాస్త మరిచిపోయేది.

ఒక మిట్టమధ్యాహ్నం అంజినప్ప తింటున్న తట్ట తోసేశాడు. “సంగటి గడ్డలు కట్టుండాది. మీ అమ్మ నేర్పింది ఇదేనా?”

జవాబు గొంతుదాకా వచ్చింది. మింగేసింది. సరిగ్గా అప్పుడే కడవల వెనకనుంచి కప్ప అరిచింది. ఒక్కటే అరుపు. నడి ఎండాకాలం, ఆకాశంలో మబ్బు తునక లేదు. అంజినప్ప దిగ్గున లేచి బయటికి పోయి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

ఆ తర్వాత కనిపెట్టింది రామాంజినమ్మ. ఆమె మింగినప్పుడల్లా అది అరుస్తోంది. వంగి చూస్తే దాని గొంతు ఉబ్బి వణుకుతోంది, ఏదో నిండిపోయినట్టు. ఒళ్లు జలదరించింది. నిజం చెప్పాలంటే కొంత హాయి కూడా అనిపించింది, తన తరఫున అనేవాళ్లు ఒకరున్నారని. కానీ ఒకనాడు ఉప్పు కావాలా అని మొగుణ్ని అడగబోతే గొంతు సన్నగా, చిల్లు కుండలో గాలిలా వచ్చింది. ఆ నెలలో రెండుసార్లు అసలు రానేలేదు. ఆమెకు భయం పట్టుకుంది.

ఊరివాళ్లు వాన కోసం కప్పను ఊరేగించాలనుకున్నది అప్పుడే. రోకలికి కప్పను, వేపమండలను కట్టి ఆడవాళ్లు ఇంటింటికీ మోస్తారు. ప్రతి ఇంట్లోనూ దాని మీద నీళ్లు పోస్తారు. అయితే ఊళ్లో కప్ప ఎక్కడుంది? “మా ఇంట్లో ఉండాది,” అన్నాడు అంజినప్ప మీసం దువ్వుకుంటూ.

తెల్లవారి రోకలికి పసుపు పూస్తూ భద్రమ్మ కోడలి వైపు చూడకుండానే అంది: “నేను కాపురానికి వచ్చినప్పుడూ ఆ కడవల కింద ఒకటుండె.”

“ఏమైంది అత్తా?”

“నేనే తీసిచ్చినా. వాన పడేదాకా గుంజకు కట్టిపెట్టినాడు మీ మామ. రెండోనాటికి ఎండిపోయింది.” పసుపు చేతిని చీర కొంగుకు తుడుచుకుంది. “అప్పట్నించి నేను మాట్లాడేవన్నీ మీ మామ మాటలే. ఆయప్ప పోయి పదేండ్లయినా అవే వస్తాండాయి.”

రామాంజినమ్మ చేతుల్లో రోకలి బరువెక్కింది. తమ ఇంటి కప్ప కాబట్టి మోయవలసింది ఆమే. ముందు కొస ఆమె భుజాన, వెనక కొస పక్కింటి నారాయణమ్మ భుజాన. ఇంటింటికీ ఆడవాళ్లు కడవెడు నీళ్లు గుమ్మరించారు. ఆ నీళ్లన్నీ వాళ్లు నెత్తిన మోసుకొచ్చినవే, కానీ ఒక్కరి ముఖంలోనూ విసుగు లేదు. వెనక్కి తిరిగినప్పుడల్లా కప్ప కళ్లు ఆమె మీదే ఉన్నాయి. దాని గొంతు ఇప్పుడు పగిలేంత ఉబ్బి ఉంది.

చివరికి తమ ఇల్లు వచ్చింది. అరుగు మీద మగవాళ్లు కూర్చున్నారు. అంతా అయిపోయింది కదా, ఇక బావిలో వదిలేస్తారని ఆమె ఆశ.

“దాన్ని వదలొద్దు. ఈ గుంజకు కట్టండి. వాన పడేదాకా అట్లే ఉండనీ,” అన్నాడు అంజినప్ప.

“అది అరిచింది వాన కోసం కాదు.”

ఎవరన్నారా అని అందరూ అటూ ఇటూ చూశారు. రామాంజినమ్మ కూడా ఒక్క క్షణం వెతుక్కుంది. తన గొంతే!

“సంగటి గడ్డ కట్టిందని తట్ట తోసినావే, ఆ పొద్దు నేను మింగింది అది అరిచింది. జ్వరంతో ఆరు కడవలు మోసిన దినం, ఏం పని నీకు అన్నావే, అదీ అరిచింది. నేను అననివన్నీ దాని గొంతులో ఉండాయి.” మాట్లాడేకొద్దీ రోకలి మీద కప్ప గొంతు తగ్గుతూ వచ్చింది. నారాయణమ్మ అది చూసి రోకలి కొస వదల్లేదు గానీ, కళ్లు మూసుకుంది.

“ఏమప్పా, నీ పెండ్లానికి గాలి సోకినట్టుండాదే,” అన్నాడు పెద్దమనిషి శ్రీరంగప్ప. ఎవరూ నవ్వలేదు.

“దించవే దాన్ని,” అంజినప్ప లేచాడు.

“దించుతాండా.” రోకలి దించి, దారం పళ్లతో కొరికి తెంపింది. కప్పను కొంగులో వేసుకుంది. “రేపట్నించి ఒక కడవే తెస్తా. నాది.”

మైలు నడిచి, నలభై మెట్లు దిగి, నీళ్లలో వదిలింది. అది మునిగిపోయేదాకా అక్కడే కూర్చుంది. ఇక ఎవరితో మాట్లాడతానా అని దిగులేసింది. గట్టిగా దగ్గి చూసుకుంది. బావి నాలుగు గోడలూ నిండుగా పలికాయి.

మర్నాడు పొద్దున ఒక్క కడవ తెచ్చి ఇసుక మీద పెట్టి, పొయ్యి దగ్గర కూర్చుంది. ఎద్దులు అరిచాయి. అంజినప్ప వాకిట్లోంచి కేకేశాడు: “నీళ్లేవే?”

ఆమె నోరు తెరిచేలోపే కడవ వెనకనుంచి ఒక గొంతు లేచింది, బొంగురుగా, ఏళ్ల తరబడి వాడనట్టు. కప్ప తిరిగి వచ్చిందా అని రామాంజినమ్మ వంగి చూసింది. తడి ఇసుకలో అరచెయ్యి ఆనించి భద్రమ్మ కూర్చుని ఉంది.

“నీళ్లు బావిలో ఉండాయి. పోయి తెచ్చుకోపోరా.”

ఆ మాట మామది కాదు.